ఇన్వర్టర్ సింక్ కోసం జెడ్‌ఎంపీటీ101బీ వోల్టేజ్ సెన్సర్: ట్రాన్స్‌ఫార్మర్ మంచిదే, చిక్కంతా బోర్డుతోనే

హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే కొట్లలో "ఏసీ వోల్టేజ్ సెన్సర్ ఉందా" అని అడిగితే, సాధారణంగా మారుమాట లేకుండా బల్ల మీద పెట్టేది జెడ్‌ఎంపీటీ101బీ మాడ్యూలే. అగ్గిపెట్టె అంత పొడవు, అందులో సగం వెడల్పు ఉండే బోర్డు అది. ఒక చివర మెయిన్స్ తీగలు బిగించుకునే స్క్రూ టెర్మినల్, మధ్యలో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన ఎల్‌ఎం358 ఆంప్లిఫయర్ చిప్, నీలం రంగు ట్రిమ్మర్ (తిప్పి అవుట్‌పుట్‌ను ఎక్కువ తక్కువ చేసుకునే రెసిస్టర్), రెండో చివర నాలుగు పిన్నులు ఉంటాయి. నేను ఒక్కొక్కటి సుమారు రెండు వందల రూపాయల చొప్పున ఆరు కొన్నాను. మూడు వాడకానికి, మూడు అదనంగా ఉంచుకోవడానికి. మా ప్రయోగశాలలో తయారవుతున్న 5 కిలోవాట్ల మూడు ఫేజుల ఇన్వర్టరును గ్రిడ్‌తో సింక్ చేయడానికి, అంటే గ్రిడ్ తరంగంతో అడుగు కలిపి నడిపించడానికి, ఇవి సరిపోతాయా లేదా అన్నదే ఈ సమీక్షలో నేను చూసిన విషయం. ఇంట్లో వోల్టేజీ ఎంతుందో చూసుకోవడానికో, కరెంటు బిల్లు లెక్క సరిచూసుకోవడానికో కొనేవారికి ఇందులోని చాలా అభ్యంతరాలు వర్తించవని ముందే చెప్పడం న్యాయం.

సింక్ కోసం ఇన్వర్టరుకు గ్రిడ్ గురించి మూడు సంగతులు తెలియాలి: వోల్టేజీ ఎంత, ఫ్రీక్వెన్సీ ఎంత, ఈ క్షణాన ఫేజ్ కోణం ఎంత, అంటే తరంగం తన ఆవృత్తిలో ఎక్కడ ఉంది. మొదటి రెండింటిలో కాస్త తప్పు దొర్లినా బండి నడుస్తుంది. మూడో దానిలో తప్పు దొర్లితే నడవదు. 50 హెర్ట్జ్ దగ్గర ఒక ఆవృత్తి 20 మిల్లీసెకన్లు కాబట్టి ఒక్క డిగ్రీ అంటే సుమారు 56 మైక్రోసెకన్లు. సెన్సర్ ఇచ్చే సంకేతం అసలు వోల్టేజీ కన్నా అంత ముందో వెనుకో నడిస్తే, దాన్ని నమ్ముకున్న ఇన్వర్టర్ కూడా అంతే ముందో వెనుకో నడుస్తుంది. అందువల్ల ఇలాంటి సెన్సరును తూచవలసింది వోల్టేజీ ఎంత కచ్చితంగా చూపిస్తుందన్న దానితో కాదు, కోణాన్ని ఎంత నిజాయతీగా చూపిస్తుందన్న దానితో. అమ్మకపు ప్రకటనల్లో మొదటిది కనిపిస్తుంది కానీ, రెండోదాని ఊసు నాకు ఎక్కడా కనిపించలేదు.

ముందుగా ట్రాన్స్‌ఫార్మర్ సంగతి. పేరుకు వోల్టేజ్ ట్రాన్స్‌ఫార్మరే అయినా ఇది పనిచేసే తీరు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌ది. ప్రైమరీలో, సెకండరీలో చుట్ల సంఖ్య సమానం. 2 మిల్లీ ఆంపియర్లు లోపలికి పోతే 2 మిల్లీ ఆంపియర్లు బయటికి వస్తాయి. మెయిన్స్ వోల్టేజీని ఒక పెద్ద రెసిస్టర్ ద్వారా కరెంటుగా మార్చి ప్రైమరీలోకి పంపి, సెకండరీ కరెంటును ఒక చిన్న రెసిస్టర్ మీద మళ్లీ వోల్టేజీగా మార్చుకుంటారు. 2 మిల్లీ ఆంపియర్ల కరెంటు, 100 ఓంల రెసిస్టర్ ఉన్నప్పుడు ఫేజ్ దోషం 20 నిమిషాలకు, అంటే డిగ్రీలో మూడో వంతుకు మించదని డేటాషీటు చెబుతుంది. ఈ ధరకు ఇది చాలా గొప్ప హామీ. ఆ మాట నిలబడే పరిస్థితుల్లో వాడుకుంటే ఈ ట్రాన్స్‌ఫార్మర్ గ్రిడ్ సింక్‌కు నిస్సందేహంగా పనికొస్తుంది.

బోర్డు దాన్ని ఆ పరిస్థితుల్లో ఉంచకపోవడమే అసలు చిక్కు. నా చేతికొచ్చిన మాడ్యూళ్లలో ప్రైమరీ వైపు 820 కిలో ఓంల రెసిస్టర్ ఉంది. 230 వోల్టులను దానితో భాగిస్తే కరెంటు 0.28 మిల్లీ ఆంపియర్ మాత్రమే వస్తుంది, అంటే ట్రాన్స్‌ఫార్మర్ రేటింగులో ఏడో వంతు. కోర్‌లో అయస్కాంత ప్రవాహం అంత తక్కువైనప్పుడు పెర్మియబిలిటీ, అంటే ఆ ప్రవాహాన్ని కోర్ పోనిచ్చే గుణం, తగ్గుతుంది. దానితో కోర్‌ను అయస్కాంతంగా మార్చడానికే ఖర్చయ్యే మాగ్నటైజింగ్ కరెంటు వాటా పెరిగి కోణం పక్కకు జరుగుతుంది. పైగా అది వోల్టేజీని బట్టి మారుతుంది కూడా. వేరియాక్ తిప్పుతూ వోల్టేజీని మెల్లగా పెంచుకుంటూ పోతే అవుట్‌పుట్ తరంగం ఆసిలోస్కోప్ తెర మీద కొద్దికొద్దిగా జరగడం కంటికి కనిపించింది.

ఇది చిన్న దోషమే. పెద్ద దోషం దాని తరువాతి అంచెలో ఉంది. సెకండరీ నుంచి ఆంప్లిఫయర్‌కు సంకేతం ఒక కప్లింగ్ కెపాసిటర్ గుండా పోతుంది. కెపాసిటరూ, దాని వెనుక ఉన్న రెసిస్టరూ కలిసి ఒక హైపాస్ ఫిల్టర్, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపే వడపోత, అవుతాయి. ఆ ఫిల్టర్ కటాఫ్ (ఆపడం మొదలయ్యే హద్దు) 5 హెర్ట్జ్ అనుకుందాం. 50 హెర్ట్జ్ దగ్గర అది కోణాన్ని 5.7 డిగ్రీలు ముందుకు నెడుతుంది. కెపాసిటర్ విలువ 20 శాతం అటూ ఇటూ ఉంటే అదే కోణం 4.8 డిగ్రీల నుంచి 7.1 డిగ్రీల దాకా ఎక్కడైనా ఉండవచ్చు. నేను డిఫరెన్షియల్ ప్రోబుతో గ్రిడ్ వోల్టేజీని, పక్క చానల్‌లో మాడ్యూల్ అవుట్‌పుట్‌ను పెట్టి చూసినప్పుడు మూడు మాడ్యూళ్లూ మూడు రకాలుగా, సుమారు 5, 6, 8 డిగ్రీలు ముందు నడిచాయి. ఒకే సంచీలో వచ్చిన తోబుట్టువులు కూడా ఒకే మాట మీద లేవు.

మూడూ ఉమ్మడిగా కొంత ముందు నడవడం నన్ను అంతగా బాధించలేదు. ఎంత ముందుందో తెలిస్తే పీఎల్‌ఎల్ (సెన్సర్ సంకేతాన్ని వెంబడించి గ్రిడ్ కోణాన్ని లెక్కగట్టే భాగం) ఇచ్చే కోణంలోంచి ఆ స్థిరాంకాన్ని తీసేస్తే సరిపోతుంది. సంకేతాన్ని అంకెలుగా మార్చే ఏడీసీ, ఇన్వర్టర్ స్విచ్‌లను నడిపే పీడబ్ల్యూఎం కలిసి తెచ్చే ఆలస్యం కోసం ఎలాగూ ఇలాంటి సవరణ చేయవలసిందే. 10 కిలోహెర్ట్జ్ వద్ద ఒకటిన్నర శాంపిల్ ఆలస్యం అంటే 150 మైక్రోసెకన్లు, అంటే 2.7 డిగ్రీలు. ఫ్రీక్వెన్సీతో పాటు ఈ దోషం మారుతుందేమోనన్న భయం కూడా అనవసరమని తేలింది. మన గ్రిడ్ కోడ్ పట్టుబట్టే 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ పరిధిలో ఆ మార్పు లెక్కలోకే రాదు. ఫేజుల మధ్య తేడా మాత్రం అలా వదిలేది కాదు. ఒక ఫేజ్ సెన్సర్ మిగిలిన రెండింటి కన్నా 2 డిగ్రీలు పక్కకు జరిగితే, గ్రిడ్ సంపూర్ణంగా సమతుల్యంగా ఉన్నా కూడా, కంట్రోలరుకు 1.2 శాతం మేర నెగటివ్ సీక్వెన్స్ (ఫేజుల వరుసకు ఎదురు దిశలో తిరిగే భాగం) ఉన్నట్టు కనిపిస్తుంది. లేని అసమతుల్యతను సెన్సరే పుట్టించి చూపిస్తుందన్నమాట.

దాని ఫలితం ఎక్కడ తేలుతుందో చూడాలి. సాధారణమైన మూడు ఫేజుల పీఎల్‌ఎల్, మూడు వోల్టేజీలను గ్రిడ్‌తో పాటే తిరిగే డీ, క్యూ అనే రెండు అక్షాల మీదికి మార్చి, క్యూ భాగాన్ని సున్నాకు తెచ్చేలా కోణాన్ని సరిదిద్దుకుంటూ పోతుంది. నెగటివ్ సీక్వెన్స్ ఉంటే క్యూ భాగంలో 100 హెర్ట్జ్ అల పుడుతుంది, అది కోణంలోకి ఎక్కుతుంది, ఆ కోణంతో తయారైన కరెంటులో 150 హెర్ట్జ్ హార్మోనిక్ (50 హెర్ట్జ్‌కు మూడో గుణిజం) వచ్చి చేరుతుంది. ఇది మామూలు ట్రిపుల్ హార్మోనిక్‌లా మూడు ఫేజుల్లో ఒకే దిశలో ఉండేది కాదు కాబట్టి, న్యూట్రల్ లేని మూడు తీగల ఇన్వర్టరులో కూడా హాయిగా ప్రవహిస్తుంది. మా విద్యార్థులు రెండు రోజులపాటు కరెంటు కంట్రోలరు గెయిన్లు మారుస్తూ కూర్చున్నది ఈ 150 హెర్ట్జ్ కోసమే. తప్పు కంట్రోలరులో లేదు, ఆ చిన్న బోర్డుల్లో ఉంది. ప్రసంగవశాత్తు ఒక మాట: క్యూ భాగంలో అల 50 హెర్ట్జ్ అయితే ఏడీసీ ఆఫ్‌సెట్‌ను అనుమానించాలి, 100 అయితే ఫేజుల మధ్య అసమతుల్యతను, 300 అయితే గ్రిడ్‌లోనే ఉన్న అయిదో, ఏడో హార్మోనిక్‌లను. ఈ మూడు అంకెలు గుర్తుంటే ఆ రెండు రోజులూ మిగిలేవి.

ఇన్వర్టరును గ్రిడ్‌కు కలిపే స్విచ్ అయిన కాంటాక్టర్‌ను మొదటిసారి వేసినప్పుడు జరిగింది కూడా చెప్పాలి. అప్పటికి మేము కోణం సవరణ పెట్టుకోలేదు. గ్రిడ్ వోల్టేజీని ఫీడ్‌ఫార్వర్డ్‌గా (ముందస్తు ఆధారంగా) తీసుకుని ఇన్వర్టర్ అదే వోల్టేజీని తానూ తయారుచేస్తోంది, కానీ 6 డిగ్రీలు ముందు. ఫేజుకు 325 వోల్టుల శిఖరం ఉన్న రెండు తరంగాల మధ్య 6 డిగ్రీల తేడా ఉంటే వాటి మధ్య 34 వోల్టుల శిఖరం మిగులుతుంది. మధ్యలో ఉన్నది 3 మిల్లీహెన్రీల ఇండక్టర్. కరెంటు మిల్లీసెకనుకు 11 ఆంపియర్ల వేగంతో పెరగగలదు. మా ఇన్వర్టరు పూర్తి లోడులో ఫేజు కరెంటు శిఖరమే 10 ఆంపియర్లు. కాంటాక్టర్ టక్కుమన్న వెంటనే ఓవర్‌కరెంట్ రక్షణ పనిచేసి ఆపేసింది, స్విచ్‌లు బతికాయి. గ్రిడ్‌కు కలిపే ఉత్పత్తి యూనిట్ల కోసం రాసిన 2003 నాటి ఐఈఈఈ 1547 ప్రమాణం 500 కేవీఏ వరకు 20 డిగ్రీల తేడాను అనుమతిస్తుంది కదా, 6 డిగ్రీలకే ఈ గొడవేమిటని ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్నే. ఆ సంఖ్య గ్రిడ్‌కు హాని జరగకుండా చూసే హద్దు. సన్నని ఇండక్టర్ వెనుక నిలబడిన మన ట్రాన్సిస్టర్ల క్షేమం కోసం రాసినది కాదు.

ఇక ఎల్‌ఎం358. ఈ చిప్‌కు దశాబ్దాల పేరుంది, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ దాని అవుట్‌పుట్ సప్లై వోల్టేజీకి సుమారు 1.5 వోల్టుల దిగువనే ఆగిపోతుంది. 5 వోల్టుల సప్లై ఇస్తే మాడ్యూల్ అవుట్‌పుట్ 2.5 వోల్టుల చుట్టూ ఊగుతుంది, పైకి 3.5 వరకు, అంటే ఒక్క వోల్టు మాత్రమే చోటు ఉంటుంది. కిందికి మాత్రం దాదాపు సున్నా దాకా పోవచ్చు. ట్రిమ్మర్ కాస్త ఎక్కువ తిప్పితే తరంగం తల నున్నగా చెక్కినట్టు అవుతుంది, కింది భాగం చెక్కుచెదరదు. 3.3 వోల్టుల కంట్రోలర్ ఉన్నవారు మాడ్యూలుకూ అదే సప్లై ఇవ్వాలని సహజంగానే అనుకుంటారు. అప్పుడు మధ్య బిందువు 1.65, పై హద్దు సుమారు 1.8. అంటే పైకి ఊగడానికి మిగిలేది 0.15 వోల్టు. దానితో సింక్ మాట అటుంచి, వోల్టేజీ కొలవడం కూడా కుదరదు. కాబట్టి సప్లై 5 వోల్టులే ఇవ్వాలి, అవుట్‌పుట్‌ను రెసిస్టర్ డివైడరుతో దించుకోవాలి. మేము వాడిన ఎఫ్28379డీ కంట్రోలర్ బోర్డులో ఏడీసీ కొలిచేది 3 వోల్టుల వరకే కాబట్టి, 0.6 వంతుకు దించి, గ్రిడ్ 270 వోల్టులకు చేరినా తల చెక్కుకోకుండా ట్రిమ్మర్ అమర్చాము. అప్పుడు 12 బిట్ల ఏడీసీలో ఒక్కో మెట్టు గ్రిడ్ వైపు సుమారు అర వోల్టు అయింది. ఈ కచ్చితత్వానికి వంక పెట్టను. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నిబంధనల ప్రకారం వోల్టేజీ 110 శాతం దాటినా, 80 శాతం కన్నా తగ్గినా రెండు సెకన్లలోపు విడిపోవాలన్న షరతుకు ఇది చాలినంత.

ట్రిమ్మర్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మూడింటినీ ఒకేలా తిప్పి పెట్టడం ఓర్పుకు పరీక్ష. కాంటాక్టర్ ఉన్న పెట్టెలో అది అలాగే ఉండిపోతుందన్న నమ్మకమూ నాకు లేదు. అమర్చాక దాని మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేశాము.

వైరింగులో ఒక సూక్ష్మం ఉంది, ఇది మాడ్యూల్ తప్పు కాకపోయినా చెప్పక తప్పదు. దీని ఇన్‌పుట్ హద్దు 250 వోల్టుల ఏసీ అని అమ్మేవారే చెబుతారు కాబట్టి రెండు ఫేజుల మధ్య 400 వోల్టులకు దీన్ని కలపకూడదు. ప్రతి మాడ్యూలునూ ఒక ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య కలపాలి. ఇప్పుడు ఇన్వర్టర్ పెట్టె దగ్గర న్యూట్రల్ తీగ ఊడిపోయిందనుకోండి. ఏదో ఒక కొలత సున్నా అవుతుందని అనుకుంటాం. ఏమీ కాదు. మూడు సమానమైన 820 కిలో ఓంల రెసిస్టర్లు స్టార్‌గా కలిసి తమకంటూ ఒక కృత్రిమ న్యూట్రల్‌ను తయారుచేసుకుంటాయి. లైన్ వోల్టేజీలు సమతుల్యంగా ఉంటే మూడు ఫేజులూ 230 అని నిబ్బరంగా చూపిస్తాయి. సింక్‌కు దీనివల్ల నష్టం లేదు. పైగా పీఎల్‌ఎల్‌కు అదే చాలు. న్యూట్రల్ ఉందో లేదో ఈ కొలతలను బట్టి తేల్చుకోవాలనుకునేవారు మాత్రం మోసపోతారు. అలాగే ఫేజుల వరుసను సాఫ్ట్‌వేరులో తప్పనిసరిగా సరిచూడాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మరమ్మతు తరువాత రెండు తీగలు తారుమారైతే రైతుకు బోరు మోటారు వెనక్కి తిరిగి విషయం తెలుస్తుంది. మన పీఎల్‌ఎల్‌కు మాత్రం ఫ్రీక్వెన్సీ మైనస్ 50 అని కనిపిస్తుంది, లేదా అసలు లాకే కాదు.

చివరికి మేము చేసినది ఇది. బోర్డులను పక్కన పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్లను విడిగా కొని మా సొంత బోర్డు మీద పెట్టుకున్నాము. ప్రైమరీ వైపు 68 కిలో ఓంల రెసిస్టర్లు మూడేసి వరుసగా. మొత్తం 204 కిలో ఓంలు, కరెంటు 1.1 మిల్లీ ఆంపియర్, ఒక్కో రెసిస్టర్ మీద 77 వోల్టులు, 0.09 వాట్ల కన్నా తక్కువ వేడి. ఒకే రెసిస్టర్ మీద మొత్తం మెయిన్స్ వోల్టేజీని మోపడం కన్నా ఇది ఎంతో నిశ్చింత. సెకండరీ మీద 100 ఓంలు. కప్లింగ్ కెపాసిటర్ లేదు, సంకేతాన్ని 1.5 వోల్టుల స్థిరమైన బయాస్ మీద కూర్చోబెట్టి, సప్లై అంచుల దాకా ఊగగలిగిన ఎంసీపీ6002 ఆంప్లిఫయర్‌తో ఆరు రెట్లు పెంచాము. ఏడీసీ ముందు 5 కిలోహెర్ట్జ్ ఆర్‌సీ ఫిల్టర్. అది తెచ్చే వెనుకబాటు 0.6 డిగ్రీల లోపే, ఒక శాతం రెసిస్టర్లూ మంచి కెపాసిటర్లూ వాడితే మూడు ఫేజుల్లో ఒకేలా ఉంటుంది. ట్రిమ్మర్ లేదు, గెయిన్ సవరణ సాఫ్ట్‌వేరులో. దీని తరువాత మూడు ఫేజుల మధ్య కోణం తేడా నా ఆసిలోస్కోప్ నమ్మకంగా చూపగలిగిన హద్దు కన్నా తక్కువైంది, ఆ 150 హెర్ట్జ్ పోయింది, కాంటాక్టర్ వేసినప్పుడు కరెంటు తరంగంలో చిన్న ముడత తప్ప ఏమీ కనిపించలేదు. మూడు ఫేజులకూ కలిపి ఖర్చు మొదటి మూడు మాడ్యూళ్ల ధరకు పెద్దగా మించలేదు. పెరిగింది సోల్డరింగ్ శ్రమ మాత్రమే.

ఇంత శ్రమ ఎందుకు, నేరుగా మంచి సెన్సర్ కొనవచ్చు కదా అంటే, కొనవచ్చు. ఎల్‌ఈఎం వారి ఎల్‌వీ 25-పీ ఈ రంగంలో పాతకాపు. హాల్ ఎఫెక్టు మీద పనిచేస్తుంది, ప్రైమరీకి 10 మిల్లీ ఆంపియర్లు తీసుకుని 25 ఇస్తుంది, డీసీని కూడా కొలుస్తుంది. కానీ ఒక్కొక్కటి కొన్ని వేల రూపాయలు, ప్లస్ మైనస్ 15 వోల్టుల సప్లై కావాలి, 400 వోల్టులకు అమర్చుకుంటే ప్రైమరీ రెసిస్టర్ 4 వాట్ల వేడిని భరించాలి. డీసీ బస్సు (ఇన్వర్టర్ లోపలి డీసీ లైను) వోల్టేజీ కొలవడానికి నేను దాన్నే వాడతాను. 50 హెర్ట్జ్ గ్రిడ్ కోణం కోసం మూడు కొనడం దుబారా అని నా అభిప్రాయం. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఏఎంసీ1311 వంటి ఐసొలేటెడ్ (రెండు వైపుల మధ్య నేరుగా విద్యుత్ సంబంధం లేని) ఆంప్లిఫయర్లు కోణం విషయంలో అన్నిటికన్నా మెరుగు, ఆలస్యం మైక్రోసెకన్లలో మాత్రమే ఉంటుంది. కాకపోతే గ్రిడ్ వైపు విడిగా ఒక ఐసొలేటెడ్ సప్లై కావాలి, బోర్డు గీయడం తెలిసి ఉండాలి. అమ్మకానికి తయారుచేసే ఇన్వర్టరుకు అదే సరైన దారి. జెడ్‌ఎంపీటీ మాడ్యూల్ బోర్డు మీద ఏ భద్రతా ధృవీకరణ ముద్రా నాకు కనిపించలేదు కాబట్టి, దాన్ని పెట్టెలో బిగించి వినియోగదారుడికి ఇవ్వమని ఎవరికీ చెప్పలేను.

కొనవచ్చా అని అడిగేవారికి నా జవాబు ఇది. ట్రాన్స్‌ఫార్మర్‌కు అయిదులో నాలుగున్నర మార్కులు వేస్తాను. దాని చుట్టూ ఉన్న బోర్డుకు, సింక్ పని వరకు, ఒకటిన్నర. విద్యార్థి ప్రాజెక్టులో తక్కువ వోల్టేజీ దగ్గర పీఎల్‌ఎల్ ఎలా పనిచేస్తుందో చూపించడానికైతే మాడ్యూలునే వాడుకోండి. ఒక్కోదాని కోణాన్ని విడివిడిగా కొలిచి, దాని మీదే చీటీ రాసి అంటించి, సాఫ్ట్‌వేరులో ఫేజుకొక సవరణ పెట్టుకోండి. చవక సిరామిక్ కెపాసిటర్ల విలువ వేడికి మారుతుంది కాబట్టి జనవరిలో రాసిన చీటీని మే నెలలో మళ్లీ సరిచూసుకోండి. గ్రిడ్‌కు నిజంగా కలిపే పనైతే బోర్డును వదిలి ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రమే తెచ్చుకోండి.

మిగిలిపోయిన మాడ్యూళ్లు వృథా కాలేదు. వాటిలో మూడు ఇప్పుడు మా ఊళ్లో బోరు స్టార్టర్ పెట్టెలో ఉన్నాయి. మూడు ఫేజులూ వచ్చాయా, వరుస సరిగ్గా ఉందా అని చూసి, ఒక ఫేజు పోతే మోటారు కాలిపోకముందే స్టార్టర్‌ను ఆపేయడం వాటి పని. ఫేజుల మధ్య 120 డిగ్రీల ఎడం ఉన్నచోట ఎనిమిది డిగ్రీల అబద్ధం ఎవరినీ బాధించదు.